ఈ వయసులో కూడా!

సంక్రాంతికి క్రోసూరు వెళ్ళినప్పుడు ఒక ఫొటో తీశాను. మిర్చి చేలో వంగి కాయలు కోస్తున్న ఒక పెద్దావిడ. చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా, తలకి తువ్వాలు, నడుము దగ్గర ఒడి. ఆధార్ ప్రకారం ఆవిడకి 69. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది, వరసకి పెద్దమ్మ. ఎండ ఏటవాలుగా పడుతోంది, చేను ఎర్రగా ఉంది, ఫొటో బాగా వచ్చింది. కింద "వయసు ఒక అంకె మాత్రమే" అని రాసి పోస్ట్ చేశాను.

సాయంత్రానికి నాలుగు వందల లైకులు. "ఈ వయసులో కూడా!" "రెస్పెక్ట్!" "మనం జిమ్‌కి వెళ్ళడానికే బద్ధకిస్తాం". బాగా చదువుకున్న స్నేహితురాలు ఒకామె "ఇదే కదా ఇకిగాయ్ అంటే" అని రాసింది. మర్నాడు పొద్దున ఫోన్ తీసుకెళ్ళి పెద్దమ్మకి చూపించాను.

"ఏమంటన్నారమ్మాయ్?"

"నీ ఓపికని మెచ్చుకుంటున్నారు పెద్దమ్మా."

"ఓపికేందే, మోకాళ్ళకి సూది పొడిపించుకుని పోతన్నా. రేపు ఆటో ఎన్నింటికి వస్తదో కనుక్కోవాల" అని ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఫొటో తీసేశాను. తీసేస్తే సరిపోదనిపించి ఇది రాస్తున్నాను. నా తగాదా ఆ "కూడా"తో. ఈ వయసులో కూడా పనిచేస్తోంది, ఈ వయసులో కూడా ఖాళీగా కూర్చోదు, ఈ వయసులో కూడా ఎవరి మీదా ఆధారపడదు. మెచ్చుకోలులా వినిపించే ఈ మాట కింద రెండు అబద్ధాలున్నాయి. పనిచేసే ముసలివాళ్ళంతా ఇష్టపడి చేస్తున్నారన్నది ఒకటి. పని మానేసిన ముసలివాళ్ళంతా సుఖంగా ఉన్నారన్నది రెండోది. మొదటిదాన్ని మా పెద్దమ్మ దగ్గర పట్టుకున్నాను. రెండోదాన్ని మా ఇంట్లోనే, మా నాన్న దగ్గర పట్టుకున్నాను.

*

ముందు పెద్దమ్మ లెక్క చెప్తాను. లెక్క చెప్పకుండా ముసలితనం గురించి మాట్లాడేవాళ్ళని నేను నమ్మడం మానేశాను.

2021లో మిర్చికి నల్ల తామర పురుగు పట్టింది. పల్నాటి రైతులకి ఆ ఏడాది చెప్పక్కర్లేదు. పూత పూతంతా మాడిపోయింది, కొట్టిన మందు కొట్టినట్టే పోయింది. పెద్దమ్మ వాళ్ళది సొంత పొలం కాదు, కౌలు. పంట పోయినా కౌలు కట్టాల్సిందే. కౌలు రైతుకి బ్యాంకు గడప ఎంత ఎత్తుంటుందో తెలిసిందే కాబట్టి అప్పు బయట తెచ్చారు. రెండు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే వడ్డీ ఒక్కటే నెలకి 4000. పెదనాన్న పోయాడు, అప్పు ఉండిపోయింది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను ఎంత? 2024 జులై నుంచి నెలకి 4000. ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇస్తారు. ఆ నోట్లు పెద్దమ్మ ఇంట్లో ఒక్క పూట కూడా నిద్రపోవు. అసలు తగ్గదు, వడ్డీ మాత్రం తీరుతుంది. తినడానికి కోత కూలి, మోకాళ్ళ సూదికి కోత కూలి. కోతలు అయిపోయాక కల్లంలో తాలు ఏరే పని, తొడిమలు తీసే పని. ఇందులో ఇకిగాయ్ ఎక్కడుందో చూపించండి.

నేను పింఛనుని తక్కువ చేయడం లేదు. 2019 దాకా పింఛనుకి 65 నిండాలి, ఆ ఏడాది 60కి తగ్గించారు. ఆ ఐదేళ్ళు ఎంత పెద్దవో పొలం పనిచేసినవాళ్ళకి తెలుసు. ఇందులో కేంద్రం వాటా 80 ఏళ్ళలోపు వాళ్ళకి నెలకి 200 రూపాయలు, 80 నిండితే 500. మనం తాగే ఒక కాఫీ ఖరీదు. 2019లోనే అసంఘటిత కార్మికులకని కేంద్రం ఒక పెన్షను పథకం తెచ్చింది. నెలనెలా కొంత కడితే 60 దాటాక నెలకి 3000. చేరడానికి వయసు 18 నుంచి 40 లోపు. అంటే పెద్దమ్మ వయసువాళ్ళకి ఆ తలుపు తెరిచేనాటికే మూసేసి ఉంది. జీవితమంతా పనిచేసిన తరం సరిగ్గా ఆ తలుపు బయట నిలబడిపోయింది.

ఇంకొకటుంది. ఏళ్ళ తరబడి కాయలు కోసి, కలుపు తీసి, తొడిమలు వలిచిన వేళ్ళ మీద ముద్రలు అరిగిపోతాయి. అలాంటి వేలు మిషను మీద పెడితే పడదు. తుడిచి మళ్ళీ పెట్టమంటారు, కొబ్బరినూనె రాసుకోమంటారు. పనిచేసిందనడానికి ఆ చేతికన్నా రుజువేం కావాలి? ఆ రుజువే మిషనుకి చాలదు.

*

ఇక మా నాన్న.

నల్ల తామర ఏడాది మేమూ దెబ్బతిన్నాం. మాది సొంతం రెండెకరాలు కాబట్టి కొంపలు మునగలేదు. అమ్మ అంతకు ముందే పోయింది. 70 నిండిన మనిషి ఒక్కడే ఉండి ఏం చేస్తాడని పొలం కౌలుకిచ్చేసి నాన్నని హైదరాబాదు తెచ్చుకున్నాను. "ఇన్నాళ్ళూ చేసింది చాలు నాన్నా, హాయిగా రెస్ట్ తీసుకో" అన్నాను. ఈ వాక్యాన్ని ఎంత ప్రేమగా అన్నానో గుర్తుంది. అందుకే దీని మీద ఇప్పుడు ఇంత కోపం.

రెస్ట్ అంటే ఏమిటి? మూడో అంతస్తులో ఒక గది, ఒక టీవీ. పొద్దున్నే నాలుగున్నరకి లేచే అలవాటున్న మనిషి, మా నిద్ర చెడుతుందని ఏడు దాకా చీకట్లో మంచం మీద కూర్చునేవాడు. కూరలు తెస్తానంటే "యాప్‌లో వస్తాయి నాన్నా" అనేవాళ్ళం. అంట్లు సర్దబోతే "అయ్యో మీరెందుకు మామయ్యా" అని మా ఆయన లాక్కునేవాడు. బాల్కనీలో రెండు మిరప మొక్కలు వేస్తే కింద ఫ్లాటు వాళ్ళు నీళ్ళు కారుతున్నాయన్నారు. ఇవన్నీ మర్యాదగానే జరిగాయి. ఒక మనిషి చేతుల్లోంచి పనంతా మర్యాదగా లాగేసుకున్నాం. నాలుగు నెలలకి నాన్న మాట తగ్గింది. ఏది అడిగినా "నీ ఇష్టం అమ్మాయ్". రెండెకరాల్లో ఏ గట్టు మీద ఏ చెట్టుండాలో ఊరంతటితో పోట్లాడిన మనిషి, పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే "నీ ఇష్టం" అన్నాడు.

ఆయన రోజులో బతికిన భాగం ఒకటే ఉండేది. కిందికి దిగి వాచ్‌మన్‌తో కూర్చోవడం. ఆ వాచ్‌మన్‌ది ఇంచుమించు నాన్న వయసే. ఆయనా వ్యవసాయం చేసి వచ్చినవాడే. పన్నెండు గంటల డ్యూటీ. ఇద్దరూ వానల గురించీ ధరల గురించీ మాట్లాడుకునేవాళ్ళు.

ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగులో ఎవరో అన్నారు: వాచ్‌మన్ ఎప్పుడు చూసినా కుర్చీలోనే ఉంటున్నాడు, కునుకు తీస్తున్నాడు, కుర్చీ తీసేద్దాం. తీర్మానం రెండు నిమిషాల్లో అయిపోయింది. నేను ఆ మీటింగులో ఉన్నాను. ఏమీ అనలేదు.

మర్నాటి నుంచి గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పైన మూడో అంతస్తులో ఇంకో ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒకాయనకి కూర్చోవడానికి వీల్లేదు. ఒకాయనకి లేవడానికి వీల్లేదు. ఇద్దరినీ అలా ఉంచినవాళ్ళం మేమే, అదే భవనంలో, అదే మంచితనంతో. నాన్న మాత్రం అడిగాడు: "ఆ కుర్చీ ఎందుకు తీయించారమ్మాయ్?" సెక్యూరిటీ విషయం నాన్నా అన్నాను. "నీ ఇష్టం" అన్లేదు ఆసారి. ఏమీ అనలేదు. రెండు వారాల తరవాత సంచి సర్దుకున్నాడు.

*

ముసలితనం ఎప్పుడు మొదలవుతుందో ఒంటిని అడిగితే తెలుస్తుందనుకుంటాం. మన దగ్గర అది జీవోల్లో మొదలవుతుంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించింది. ఒక్క సంతకంతో వేలమంది ముసలివాళ్ళయ్యారు. సమ్మె జరిగింది, గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, తరవాత మళ్ళీ 58 వచ్చింది. రాష్ట్రం విడిపోయిన 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60 అయింది, 2022లో 62. తెలంగాణలో 2021 నుంచి 61. అంటే ఆంధ్రా గుమాస్తా తెలంగాణ గుమాస్తా కన్నా ఒక ఏడాది ఆలస్యంగా ముసలివాడవుతాడు.

కూలికి ఇలాంటి గీత లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 18 నిండాలని చెప్పింది గానీ పైన ఎక్కడ ఆపాలో చెప్పలేదు. ఇది ఒకరకంగా గౌరవమే, ఎవరినీ వయసు చూపించి గెంటేయలేదు. కానీ గీత లేకపోవడం వేరు, ఆగే వీలు ఉండటం వేరు. ఉద్యోగికి ఆగమంటారు, ఆగితే పెన్షనో, దాచుకున్న డబ్బో ఉంటుంది. కూలిని ఎవరూ ఆగమనరు, ఆగితే ఏమీ ఉండదు.

2025 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే, ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర, మిర్చి కోతల నుంచి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు తిరగబడింది. నలుగురు ఆడవాళ్ళు చనిపోయారు. పెద్దమ్మ ఎక్కే ఆటోలో డ్రైవర్‌కి అటూ ఇటూ కూడా మనుషులు కూర్చుంటారు. "యాక్టివ్ ఏజింగ్" అని మనం ముద్దుగా పిలుచుకునేదానికి రవాణా ఇదీ.

*

ఇక్కడ చదివేవాళ్ళం కాబట్టి మన పుస్తకాల సంగతి కూడా మాట్లాడుకోవాలి.

"ఇకిగాయ్" పుస్తకం 2016లో వచ్చింది. హెక్టర్ గార్సియా, ఫ్రాన్సెస్క్ మిరాయెస్ ఒకినావాలోని ఒగిమి అనే పల్లెకి వెళ్ళి, నిండు వయసులోనూ చురుగ్గా ఉన్నవాళ్ళని కలిసి రాశారు. చివర్లో ఇచ్చిన పది సూత్రాల్లో మొదటిది: చురుగ్గా ఉండు, రిటైర్ కావద్దు. బానే ఉంది. కానీ జపాన్‌లో 1961 నుంచే దేశం మొత్తానికీ ఆరోగ్య బీమా, పెన్షను ఏర్పాట్లున్నాయి. 1972 దాకా అమెరికా ఏలుబడిలో ఉన్న ఒకినావాకి అవి ఆలస్యంగా చేరాయి, అయినా చేరాయి. ఒగిమి ముసలమ్మ పెరట్లో కూరగాయలు పండించుకునేది వడ్డీ కట్టడానికి కాదు. మనం ఆ పునాది అక్కడే వదిలేసి, పైనున్న పూలకుండీ ఒక్కటీ ఎత్తుకొచ్చుకున్నాం.

తెలుగు కథ చేసిందేమిటి? మన కథల్లో ముసలివాళ్ళు దాదాపు ఎప్పుడూ పడక్కుర్చీలో ఉంటారు. అమెరికా నుంచి ఫోన్ కోసం చూస్తుంటారు, లేకపోతే వృద్ధాశ్రమం వరండాలో ఉంటారు. వాళ్ళు బాధపడతారు, క్షమిస్తారు, చనిపోతారు. పనిచేయరు. శ్రీరమణ "మిథునం" దీనికి మినహాయింపే. ఆ దంపతులు రోజంతా ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. 2012లో తనికెళ్ళ భరణి సినిమాగా తీశాక ఆ పెరడు లక్షలమందికి కల అయింది. నాకూ ఇష్టమే. కానీ ఆ పెరడు ఎవరి సొంతం, అందులో పండినది ఎవరి నాలుక కోసం అని అడిగితే, అది పని కన్నా రుచికి దగ్గర. అలాంటి వృద్ధాప్యం అందరికీ రావాలి. అది రానివాళ్ళ గురించి మన దగ్గర కథలేవి? అరవై దాటిన కూలి మనిషి కూలి మనిషిగానే నడిపించే కథలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి.

మీరు యూట్యూబ్‌లో మస్తానమ్మ గారిని చూసే ఉంటారు. తెనాలి దగ్గర గుడివాడ ఊరు. 2016లో మునిమనవడు మొదలుపెట్టిన వీడియోలతో ప్రపంచమంతా తెలిసిపోయింది. పుచ్చకాయలో కోడికూర వండింది ఆవిడే. వందేళ్ళు దాటాయని చెప్పేవాళ్ళు. 2018 డిసెంబరులో పోయింది. ఆ వీడియోలు మళ్ళీ చూశాను. ఆవిడ వయసు మనకి కనిపించినంతగా వంట కనిపించలేదు. అల్లం గోటితో గీకి తొక్క తీసే ఆ ఒడుపు, మంటని కట్టె జరిపి అదుపు చేసే లెక్క, అవి నేర్చుకోవాల్సిన విద్యలు. మనం నేర్చుకోకుండా ఆశ్చర్యపోయాం. "ఈ వయసులో కూడా" అన్నప్పుడల్లా పనితనాన్ని పక్కకి నెట్టి వయసుని ముందుకి తెస్తాం.

*

"అయితే ముసలివాళ్ళు పనిచేయకూడదంటావా?" అని అడుగుతారు. అలా అనే హక్కు నాకు లేదు. మా నాన్నకి ఏమైందో చూశాక అసలు లేదు.

ఊరికి వెళ్ళిన నెలకే నాన్న కౌలుదారుతో మాట్లాడుకుని అరెకరం వెనక్కి తీసుకున్నాడు. కూరగాయలు వేస్తాడు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంట. నడుం నొప్పిగా ఉన్న రోజు మానేస్తాడు. ఫోన్ చేస్తే పది నిమిషాలు నన్ను మాట్లాడనివ్వడు. పని మనిషిని నిలబెడుతుందన్నది అబద్ధం కాదు, దాన్ని నేను ఫోన్‌లో వింటున్నాను.

కారా మాస్టారిని చూడండి. కాళీపట్నం రామారావు గారు బడిపంతులుగా రిటైరయ్యాక, 1997లో, 72 ఏళ్ళ వయసులో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. సాహిత్య అకాడమీ అవార్డు డబ్బు అందులో పెట్టారు. ఆ తరవాత ఇరవై ఏళ్ళకి పైగా తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చడమే పనిగా బతికారు. 2021లో 96 ఏళ్ళ వయసులో పోయారు. ఆయన కథకుడిగా రాసినవి కొద్దే, ఆ ముసలితనపు పని మాత్రం మనందరి ఆస్తి. మా సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్య గారు 1906లో పుట్టి 2003 దాకా ఉన్నారు. నాలుగుసార్లు ఎమ్మెల్యే. ఆ పదవులన్నీ అయిపోయి ఎనభై దాటాక కూడా మద్యనిషేధం కోసం తిరిగారు. చిలుకూరి శాంతమ్మ గారు 1929లో పుట్టారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు, తొంభై దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్ళి పాఠాలు చెప్పారు.

ఈ ముగ్గురికీ, మా నాన్నకీ, పెద్దమ్మకీ మధ్య తేడా ఓపికలో లేదు. ఓపికలో పెద్దమ్మని మించినవాళ్ళు లేరు. రేపు మానేయాలనుకుంటే వాళ్ళు మానేయగలరు. అదే తేడా. కారా మాస్టారు ఒక నెల కథలు వెతకకపోతే ఇంట్లో పొయ్యి ఆగదు. నాన్న అరెకరం ఎండిపోతే మనసు బాధపడుతుంది గానీ అప్పులవాడు గుమ్మంలోకి రాడు. మానేసే వీలున్నప్పుడే చేసే పనికి ఇష్టమనే పేరు పెట్టగలం. ఆ వీలు లేనిచోట "జీవిత పరమార్థం" గురించి మాట్లాడటం, ఆకలితో ఉన్నవాడి ఉపవాసాన్ని భక్తి అని మెచ్చుకున్నట్టుంటుంది.

కాబట్టి ముసలివాళ్ళకి రెండు హక్కులుండాలంటున్నాను. ఆగే హక్కు, ఆగకుండా ఉండే హక్కు. ఒకటి లేకపోతే రెండోదానికి అర్థం లేదు. ఆగే హక్కు ప్రభుత్వం ఇవ్వాలి: వడ్డీకే సరిపోయే పింఛను చాలదు, కౌలు రైతుకి బ్యాంకు అప్పు అందాలి, కేంద్రం ఆ 200 రూపాయలు చూసి సిగ్గుపడాలి. కోతలకి వెళ్ళేవాళ్ళకి మనుషులు ప్రయాణించే బండి కావాలి, చేలో నీడ కావాలి, ఆడవాళ్ళు కాలకృత్యాలకి వెళ్ళే చోటు కావాలి. ఆగకుండా ఉండే హక్కు మాత్రం చాలావరకు మన ఇళ్ళలో ఉంది. అంట్లు సర్దబోతే సర్దనివ్వాలి. కూరలు తెస్తానంటే తేనివ్వాలి, పుచ్చు వంకాయ ఒకటి వచ్చినా సరే. "నీ ఇష్టం" అని ముసలివాళ్ళు అనడం మొదలుపెడితే అది మంచితనం అనుకోకూడదు, జ్వరం చూసినట్టు చూడాలి.

రాసేవాళ్ళకి ఒక మాట. పడక్కుర్చీని ఇక అటకెక్కించండి. తాలు ఏరే మనిషి చేతులు చూసి రాయండి, ఆవిడ వయసు చివర్లో చెప్పినా పర్వాలేదు.

*

వాచ్‌మన్ కుర్చీ సంగతి చెప్పకుండా ముగిస్తే నాకు నేనే మంచిదాన్నైపోతాను.

నాన్న వెళ్ళిపోయాక మూడు మీటింగుల్లో ఆ కుర్చీ గురించి అడిగాను. మొదటిసారి ఎజెండాలో లేదన్నారు. రెండోసారి "మీరు చాలా ఎమోషనల్ అవుతున్నారు మేడమ్" అన్నారు. మూడోసారి ఓటింగు పెడితే ఐదుగురం గెలిచాం, ఎక్కువమంది రాలేదు కాబట్టి. ఒక షరతు మీద ఒప్పుకున్నారు. వెనక్కి ఆనుకుంటే నిద్రొస్తుందట. అందుకని కుర్చీ బదులు స్టూలు.

ఇప్పుడు గేటు దగ్గర స్టూలుంది. వీపు ఆనించుకోవడానికి ఏమీ లేదు. వచ్చే నెల మళ్ళీ మీటింగుంది.